చాయ్ తాగి పో

ఆమె గిన్నె దించేలోపే నేను వద్దన్నాను.

“ఇప్పుడే తాగొచ్చినం అక్కా, ఏమనుకోకు.”

అబద్ధం. పొద్దున ఏడింటికి తాగిన చాయ్ ఎప్పుడో అరిగిపోయింది. పదకొండు దాటింది. ఆషాఢమే గానీ వాన జాడ లేదు, రేకుల కింద ఉక్క. నా వెనక గడపలో బియ్యం సంచి పట్టుకుని మా యూత్ పిల్లవాడు నిలబడ్డాడు. వాడి చేతిలోని చీటీలో ఇంకా పద్దెనిమిది ఇళ్లున్నాయి. మా చర్చి నుంచి సేవకు బయల్దేరేముందు అయ్యగారు చెప్పే నియమాల్లో మొదటిది ఇదే: ఎవరింట్లోనూ ఏమీ తినొద్దు, తాగొద్దు, వాళ్లకు భారం కావొద్దు. మంచి నియమమే. ఐదేళ్లుగా పాటిస్తున్నాను.

ఆమె స్టవ్ కట్టేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని నా వంక చూసింది.

“ఏం టీచరమ్మా, మా ఇంట్ల నీళ్లు తాగరా మీరు?”

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. బియ్యం సంచి లోపల పెట్టించి, చీటీలో టిక్కు కొట్టించి, మెట్లు దిగాను. పట్టాల పక్క సందు దాటేదాకా బాగానే ఉన్నాను. అక్కడ ఫలక్‌నుమా వైపు పోయే ఎంఎంటీఎస్ వెళ్లేదాకా ఆగాల్సొచ్చింది. ఆ రెండు నిమిషాల్లో ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ ప్రశ్న ఎవరు ఎవరిని అడగాల్సింది? నా ముందటి మూడు తరాలకు ఆ ప్రశ్న అడిగే ధైర్యం కూడా ఉండేది కాదు.

ముందు మా పేట సంగతి. రైల్వేవాళ్ల లెక్కలో ఇది హుప్పుగూడ. యాకుత్‌పురాకూ ఫలక్‌నుమాకూ నడుమ ఒక చిన్న స్టేషన్. ఆ ‘హ’ను ఇక్కడ ఎవరూ పలకరు. కాగితం మీద ఒక పేరు, నోట్లో ఒక పేరు. బోనాలప్పుడు ఇక్కడి మహంకాళి గుడి పేరు పేపర్లో పడుతుంది, లాల్‌దర్వాజ సింహవాహిని పేరు పక్కనే. మిగతా ఏడాదంతా ఎవరికీ పట్టని పేట. ఛత్రినాక, గౌలిపుర, కందికల్ గేట్ అన్నీ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయే సందులు. పాతబస్తీ అనగానే చార్మినారూ గాజులూ తలుచుకునేవాళ్లకు, ఇక్కడ ఇంత తెలుగు వినబడుతుందని తెలియదు. పాలమూరు నుంచి కూలికొచ్చినవాళ్లు, నల్లగొండ నుంచి వచ్చినవాళ్లు, మాలాగా మెదక్ నుంచి వచ్చినవాళ్లు. మా చర్చి ఒక మేడ మీది హాలు. కింద వెల్డింగ్ షాపు. ఆదివారం ఆ షాపు మూసి ఉంటుంది కాబట్టి ప్రసంగం వినబడుతుంది.

మా వాళ్లు ఈ సేవకు బ్యానర్ మీద ‘ఔట్‌రీచ్’ అని రాయించారు. సందుల్లో దాన్ని ‘చర్చోళ్ల సంచులు’ అంటారు. రెండో పేరే నిజం.

సంచులు మొదలైంది 2020లో. మార్చి 25న దేశమంతా మూతబడ్డాక, ప్రభుత్వం తెల్లకార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. కార్డు లేనివాళ్లు? కార్డు ఊళ్లో ఉండి మనిషి ఇక్కడ ఉన్నవాళ్లు? అద్దె గదుల్లో పది మంది కలిసి ఉండే కూలీలు? వాళ్ల కోసమని మా స్త్రీల సమాజం డబ్బులు పోగుచేసింది. ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, కారం, పసుపు, ఉప్పు, రెండు సబ్బులు. బడి నుంచి రిటైరయ్యే వయసు దగ్గరపడ్డ టీచర్ని, రాత బాగుంటుందని లిస్టు నా చేతికిచ్చారు. హాజరు పట్టీ రాసిన చెయ్యి. పేరు, ఇంటి నంబరు, ఎంతమంది, సంతకం లేదా వేలిముద్ర. గళ్లు గీసి రాశాను.

ఆ రోజుల్లో ఒకటి మరిచిపోలేను. చర్చి మెట్ల కింద వరుస. మనిషికీ మనిషికీ మధ్య సున్నంతో గీసిన గుండ్రాలు. వరుసలో నా పాత విద్యార్థి తండ్రి ఉన్నాడు. ఆటో నడిపేవాడు, బడికొస్తే గేటు దగ్గర కాలరు సర్దుకుని లోపలికొచ్చేవాడు. అందరి ముఖాలకూ మాస్కులుంటే ఆయన మాస్కు మీద రుమాలు కూడా కట్టుకున్నాడు. పేరు అడిగాను. నాకు తెలుసని ఆయనకు తెలుసు. ఇంకో పేరు చెప్పాడు. అదే రాశాను. అప్పుడే మా కుర్రాడొకడు ఫోన్ పైకెత్తి, “అంకుల్, సంచి కొంచెం ఇటు తిప్పండి” అన్నాడు. ఫొటోలో చర్చి పేరు కనబడాలి కదా. చందా ఇచ్చినవాళ్లకు పంపాలి కదా. తప్పని నేను అనను. ఇచ్చినవాళ్లకు లెక్క చూపాలి. కానీ ఆ మనిషి సంచి తిప్పినప్పుడు తన తలను కూడా తిప్పుకున్నాడు. ఆ ఫొటోలో సంచి బ్రహ్మాండంగా పడింది.

తిండి అందరూ ఒకేలా పెట్టరు. దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద అజర్ మక్సూసీ అనే ఆయన 2012 నుంచి రోజూ మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పని చేసుకునే మనిషి. మా యూత్ పిల్లలతో కలిసి ఒకరోజు వడ్డించడానికి వెళ్లాను. అక్కడ నాకు మొదట కనబడ్డది అన్నం కాదు, కింద పరిచిన పట్టలు. తినేవాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు, పెట్టేవాళ్లు వంగి పెడుతున్నారు. మా మెట్ల దగ్గరేమో తీసుకునేవాళ్లు నిలబడేవాళ్లు, ఇచ్చేవాళ్లు బల్ల వెనక కూర్చునేవాళ్లు. కూర్చున్నవాడికి వడ్డిస్తాం, నిలబడ్డవాడికి పంచుతాం. తెలుగులో ఈ రెండు మాటలకూ ఉన్న తేడా నాకు నలభై గుండ్రాలు గీశాక గాని అర్థం కాలేదు. పెళ్లి బంతిలో ఎవరైనా ‘అన్నం పంపిణీ’ అంటారా?

ఇదంతా తెలిసి కూడా ఆ ఆషాఢంలో చాయ్ వద్దన్నాను. అందుకే నా మీద నాకు కోపం.

మా తాత మెదక్ దగ్గర ఒక పల్లెలో మాదిగ. బావి గట్టుకు దూరంగా దోసిలి పట్టి నిలబడితే ఎవరో దయతలచి పైనుంచి పోయాలి, అప్పుడు గొంతు తడవాలి. చెయ్యి కింద, చెంబు పైన. పోసేవాళ్లలో మంచివాళ్లు లేరని కాదు. నిండా పోసేవాళ్లుండేవారట, ఎండకు జాలిపడేవాళ్లుండేవారట. తాత చేతి నీళ్లు మాత్రం వాళ్లు తాగేవారు కాదు. మా నాయనమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు నీళ్లు పోయనివాళ్ల గురించి ఎన్నడూ మాట్లాడలేదు, పోసి మళ్లీ తీసుకోనివాళ్ల గురించే చెప్పేది.

అదే తాత పది పన్నెండేళ్ల పిల్లాడిగా మెదక్ చర్చి కట్టే దగ్గర రాళ్లు మోశాడని మా ఇంట్లో కథ. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ దొర కట్టించిన గుడి అది. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. మధ్యలో యుద్ధం, కరువు. ఊరికే గంజి పోసే బదులు పని పెట్టి కడుపు నింపాలని పాస్నెట్ అనుకున్నాడు. పదేళ్లు చుట్టుపక్కల పల్లెల జనం ఆ పనితోనే బతికారు. సుమారు 175 అడుగుల గోపురం, ఐదు వేల మంది పట్టే హాలు. ఇప్పుడు చూడ్డానికి వచ్చేవాళ్లంతా రంగు అద్దాల కిటికీల కింద నిలబడి ఫొటోలు దిగుతారు. మా తాత మాత్రం బతికినన్నాళ్లూ ఆ గుడి చూపించి “దొర మాకు బువ్వ పెట్టిండు” అనలేదు, “నేను కట్టిన” అన్నాడు. అతిశయోక్తే; మోసింది నాలుగు తట్టలైతే చెప్పింది నలభై. అయినా ఆ అతిశయోక్తికి చోటిచ్చిన కరువు సాయం అది.

దానికంటే ముందే ఒంగోలులో ఇలాంటిది జరిగింది. 1876–78 నాటి పెద్ద కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు భూముల సర్వే పని చేసినవాడు, కొలతలు తెలుసు. ఆకలితో ఉన్నవాళ్లకు, ఎక్కువగా మాదిగలకు, తన శిబిరంలో కూలి పని ఇచ్చాడు. నేను అంతకంటే ఎక్కువ తలుచుకునేది అతను ఆపిన పని. ఆ కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఇవ్వలేదు. అడిగినవాళ్లున్నా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేల్చుకోలేని చోట నీళ్లలో ముంచకూడదనుకున్నాడు. సాయం ముగిశాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. చర్చి చరిత్రలు ఆ అంకెనే గొప్పగా చెప్పుకుంటాయి. దానికి ముందు ఏడాది పైచిలుకు కాలం ఉన్న సున్నా నాకు పెద్ద అంకెగా కనబడుతుంది.

ఈ సున్నా సంగతి మా కమిటీలో ఎత్తాను. మేం సంచి ఇచ్చాక “ప్రార్థన చెయ్యమంటారా?” అని అడుగుతాం. మంచి మనసుతోనే. కానీ బియ్యం మన చేతిలో ఉండగా ఆ ప్రశ్నకు ‘వద్దు’ అనే దమ్ము ఎవరికి ఉంటుంది? ఒక ఇంట్లో తలుపు పక్కన అల్లాహ్ పేరున్న ఫ్రేము, దాని కింద ఒక తల్లి తల మీద కొంగు కప్పుకుని మా ప్రార్థన పూర్తయ్యేదాకా కళ్లు మూసుకుని ఓపిగ్గా నిలబడింది. మర్యాద కొద్దీ. నిజానికి ఆ రోజు భక్తి ఆమెది, మాది కాదు. చేతిలో సంచి ఉన్నప్పుడు ప్రార్థన వద్దు, ప్రార్థనకు వెళ్తే సంచి వద్దు అన్నాను. కొందరికి నచ్చలేదు. ‘అయితే మనం దేవుడి పేరు ఎప్పుడు చెప్తాం?’ అన్నారు ఒక పెద్దాయన. అడిగినప్పుడు చెప్దాం అన్నాను. ‘అడక్కపోతే?’ అన్నారు. ఆ మీటింగు అక్కడే ముగిసింది, సమోసాలు చల్లారిపోతున్నాయని.

చాయ్ వద్దన్న ఆ రోజు, పట్టాల దగ్గర రైలు పోయింది. నేను ఇంటికొచ్చి, ఫ్యాను కింద కూర్చుని, పిల్లలకు ఆదివారం బడిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేని కథ తలుచుకున్నాను. సమరియ స్త్రీ కథ. మధ్యాహ్నం, ఎండ, బావి. యేసు అలసిపోయి కూర్చున్నాడు. నీళ్లు చేదడానికి వచ్చిన ఆమెతో ఆయన మొదట అన్నది ఉపదేశం కాదు, వరం కాదు. దాహంగా ఉంది, నీళ్లియ్యమన్నాడు. ఆమెకు ఆశ్చర్యం: మీవాళ్లు మావాళ్లతో కలవరు కదా, నన్నెట్లా అడుగుతున్నావని. ఆ రెండు జాతుల మధ్య చెంబు అంటుముట్టు ఉండేది. ఈ కథ అమెరికాలో ఎట్లా వినబడుతుందో గానీ, మెదక్ పల్లెలో వింటే వివరణ అక్కర్లేదు. ముప్పై ఏళ్లు నేను ఈ కథను జీవజలం గురించి చెప్పాను. జీవజలం మాట ఎత్తడానికి ముందు ఆయన మామూలు నీళ్లు అడిగాడన్న సంగతి మీద ఒక్క క్లాసు కూడా తీసుకోలేదు. ఆమె దగ్గర చేద ఉంది, ఆయన దగ్గర లేదు. ఆ పూటకు పై చెయ్యి ఆమెదే.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నాకే పుచ్చుకోవడం చేతకాని రోజు.

2020 అక్టోబర్ 13 రాత్రి. బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటిన వాన. మా వైపు నాలాలు పొంగి ఇళ్లలోకి వచ్చాయి. అటు అల్ జుబైల్ కాలనీలో మనుషులు మేడల మీద రోజుల తరబడి ఉండిపోయారు. మా ఇంట్లో మోకాలి లోతు. మంచం మీద మంచం ఎక్కించి, పైన బియ్యం డబ్బా, ఆల్బమ్‌లు, నేను. తెల్లారాక కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది, బిర్యానీ పొట్లంతో. నడుము దాకా తడిసిన కుర్రాడు, తల మీద టోపీ. నేను అలవాటుగా అన్నాను: “మాకొద్దు బాబూ, లేనివాళ్లకివ్వండి.” వాడు నా వెనక తేలుతున్న చెప్పుల జతను చూసి, “ఆజ్ సబ్ ఏకిచ్ హై ఆంటీ, లేలో” అన్నాడు. తీసుకున్నాను. ఆకలి దంచేస్తోంది, చెయ్యి మాత్రం సిగ్గుపడింది. నెలల తరబడి సంచులు ఇచ్చిన చెయ్యి ఒక్క పొట్లం పట్టుకోవడానికి అంత వణికిందేమిటి? వాడి పేరు అడగలేదు. వాడూ నా పేరు రాసుకోలేదు, ఫొటో తియ్యలేదు. పక్కింటి కిటికీకి పోయాడు.

అసలు ఇవ్వడం, పుచ్చుకోవడం ఒకే కుండలో ఉండే పద్ధతి మా ఇంట్లోనే ఉండేది. అమ్మ అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పాలపొడి డబ్బాలో వేసేది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆదివారం ఆ డబ్బాను చర్చికి తీసుకెళ్లి గంపలో ఒంపేది. ప్రతి ఇంటి బియ్యమూ అందులోనే: సన్నవి, దొడ్డువి, రేషన్‌వి, నూకలు. నాన్నకు పని పోయిన ఏడాది ఆ గంపలోంచే మా ఇంటికి బియ్యం వచ్చాయి. వండితే సగం మెత్తబడేది, సగం పలుకుగా ఉండేది. నేను ముఖం చిట్లిస్తే అమ్మ అనేది, అందులో మన పిడికెడు కూడా ఉందే అని. ఆ నెలల్లో కూడా పాలపొడి డబ్బాలో పిడికెడు వెయ్యడం ఆపలేదు. వచ్చిన బియ్యంలోంచే తీసి వేసేది. ఇదేం లెక్క అని అప్పుడు నవ్వుకునేదాన్ని.

తర్వాతి శనివారం, చాయ్ వద్దన్న ఆ ఇంటికి ఒక్కదాన్నే వెళ్లాను, సంచి లేకుండా. పన్నెండు మెట్లు, రేకుల గది. ఒక మూల కుట్టు మిషను, దాని మీద సగం కుట్టిన లంగా. ఆమె లంగాలు, దిండు గలీబులు కుడుతుంది, షాపువాడు గుడ్డ ఇచ్చి కుట్టుకూలి ఇస్తాడు. ఒక కన్ను ఆపరేషన్ అయింది, రెండో కంట్లో శుక్లం. సూదిలో దారం ఎక్కించే పని ఎనిమిదేళ్ల మనవరాలిది. పిల్ల బడికి పోయేముందు నాలుగు సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చిపోతుంది.

“చాయ్ ఉన్నదా అక్కా?” అన్నాను.

ఆమె నన్ను ఒక క్షణం చూసింది. ఏమీ అనలేదు. గిన్నె పెట్టింది. పాలు పావు వంతు, చక్కెర గుప్పిళ్లతో. నాకు షుగరని చెప్పాలనుకుని ఊరుకున్నాను. స్టీలు గ్లాసు అంచు కాలుతుంటే కొంగుతో పట్టుకుని తాగాను. ఆమె సాసరు లేని కప్పులో పోసుకుని ఎదురుగా కూర్చుంది. అప్పుడడిగింది:

“నా పేరు ఐదేండ్ల సంది రాసుకుంటున్నవు గదా, నీ పేరేంది?”

చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుంది. ఏ ఊరని అడిగింది. మెదక్ అన్నాను. చర్చోళ్లంటే ఎవరో, మెదక్ అంటే ఏమో పాలమూరు మనిషికి తెలియకుండా ఉండదు. ఆమె నా కులం అడగలేదు, నేను ఆమెది అడగలేదు. గ్లాసు మాత్రం తనే తీసుకెళ్లి కడిగింది.

సంచి చేతిలో ఉన్న ఐదేళ్లూ ఆమె నాకు చెప్పింది ‘చల్లగుండు బిడ్డా’ అన్న ముక్క ఒక్కటే. చాయ్ గ్లాసు చేతిలో ఉన్న అరగంటలో చెప్పింది రేషన్ సంగతి. కార్డు ఉంది. నాలుగు నెలలుగా బియ్యం రావడం లేదు. ముప్పై ఏళ్లు సిమెంటు, ఇసుక మోసిన వేళ్లు. గీతలు అరిగిపోయి మిషను పట్టడం లేదు. కన్ను చూపిస్తే పొర అడ్డం. ఫోన్‌కు నంబరు వస్తుంది, అది చెబితే ఇస్తామన్నారు. ఆ ఫోను నంబరు కొడుకుది. కొడుకు పోయి రెండేళ్లు. మనవరాలి పేరు కార్డులో ఉంది, కానీ ఐదేళ్లు నిండాక ఆధార్‌లో వేయించాల్సిన వేలిముద్రలు ఎవరూ వేయించలేదు. ఎవరు తీసుకుపోతారు?

నేను అక్కడే కూర్చుని లెక్క వేశాను, టీచర్ని కదా. 2025 ఏప్రిల్ నుంచి కార్డులో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితం. ఇద్దరికి 12 కిలోలు. మా సంచిలో ఐదు. ఆమె హక్కుగా తెచ్చుకోవాల్సిన 12 కిలోలు అక్కడ ఆగిపోతుంటే, మేం నెలనెలా ఐదు కిలోలు మోసుకొచ్చి, చీటీలో టిక్కు కొట్టి, మమ్మల్ని మేం మెచ్చుకుంటూ మెట్లు దిగాం. కార్డున్న మనిషికి బియ్యం ఎందుకు చాలడం లేదని ఒక్కసారీ అడగలేదు. నా లిస్టులో ఆ గడే లేదు.

ఆధార్ సెంటర్‌కు పొద్దున తొమ్మిదింటికల్లా వెళ్లాం ముగ్గురం. ఫోన్ నంబరు మార్చడానికి, పిల్ల వేలిముద్రలు వేయించడానికి. పిల్లది ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఆమెది మొదలైంది. కుడి బొటనవేలు, లేదు. చూపుడు వేలు, లేదు. అక్కడి కుర్రాడు విసుక్కోలేదు, తడిగుడ్డ ఇచ్చి తుడవమన్నాడు. మళ్లీ పెట్టించాడు. వేళ్లన్నీ ఒక్కొక్కటే తెర మీద ఎర్రగా వచ్చి పోతున్నాయి. ప్రతి వేలికీ ఆమె గొణుగుతోంది, “గీ వేలు ఇటిక మోసింది, గీ వేలు తాడు గుంజింది” అని. చివరికి ఎడమ చిటికెన వేలు పచ్చగా వెలిగింది. పిల్ల చప్పట్లు కొట్టింది. ఆమె ఆ వేలును పైకెత్తి తిప్పి చూసుకుని, “దీంతోని ఏం పని చేయలే గందుకే” అంది.

ఆ నెలాఖరుకు వాళ్ల 12 కిలోలు వచ్చాయి. వచ్చిన రోజే మా లిస్టులోంచి తన పేరు తీసెయ్యమంది. కొట్టేస్తుంటే నాకు వింతగా అనిపించింది. ఐదేళ్లలో మా పుస్తకంలో ఒక పేరు ఇలా కొట్టేయడం అదే మొదటిసారి.

చాయ్ నియమం మీద కమిటీలో మళ్లీ మాట వచ్చింది. ఎవరింట్లో ఏమిస్తే అది పుచ్చుకోవాలి, మంచినీళ్లయినా సరే అన్నాను. “నలభై ఇండ్లకు నలభై చాయ్‌లా సిస్టర్?” అన్నారు కోశాధికారి. న్యాయమైన ప్రశ్నే. ఆరో ఇంటికి కడుపు ఉబ్బుతుంది, ఎనిమిదో ఇంటికి బాత్‌రూమ్ వెతుక్కోవాలి, ఈ సందుల్లో అదొక పరీక్ష. చివరికి ఒక్కొక్కరికి ఐదు ఇళ్లకు మించొద్దని తేల్చారు. దాంతో ఎక్కువమంది కావలసి వచ్చారు. అంతమంది లేరు. ఇప్పుడు సంచులు నెలకు ఇరవై ఐదు ఇళ్లకే చేరుతున్నాయి. దీన్ని ఎదుగుదల అనాలా తరుగుదల అనాలా అని ఏడాది నివేదిక రాసేటప్పుడు మా సెక్రటరీ తల పట్టుకున్నారు. ఎందుకంటే నివేదికలో ‘చేసిన పని’ అనే చోట నేను రాసినవి సంచులు కావు: ఉస్మానియా ఆసుపత్రి ఓపీ చీటీకి తోడు వెళ్లడం మూడుసార్లు, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి బయట రాత్రి కూర్చోవడం ఒకసారి, ఆధార్ నాలుగు, కరెంటు బిల్లు తగాదా ఒకటి. వీటికి ఫొటోలు లేవు. ఆసుపత్రి వరండాలో పది గంటలు కూర్చున్న మనిషిని ఫొటో తీస్తే కునికిపాట్లు తప్ప ఏం కనబడుతుంది?

మా ప్లాస్టిక్ సంచుల మీద చర్చి పేరుండేది. వాటి బదులు గుడ్డ సంచులు కుట్టిద్దామని, పాత దుప్పట్లు, చీరలు పోగుచేసి ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. సేవ కదా, ఊరికే కుడుతుందేమోనని కోశాధికారికి ఆశ. సంచికి ఐదు రూపాయలు ఇస్తాం అన్నాను నేను.

“పదిహేను.”

“మనదే గదా అక్కా, చర్చి పని.”

“చర్చి పనైతే దారం దేవుడు తెస్తడా?” అని మిషను వైపు చూపించింది. “పిడి డబల్ కుట్టు వెయ్యాలె. ఐదు కిలోలు మోసేది గది. పన్నెండు.”

ఎనిమిదికి తెగింది, దారం మాది. నలభై సంచులకు 320 రూపాయలు. లెక్క రాసి, సంతకం గడిలో ఈసారి ఆ చిటికెన వేలు సిరాలో ముంచి ముద్ర వేయించాను. అది అలవాటు కొద్దీ వేయించింది కాదు, ఆమే ఆ వేలు ముందుకు పెట్టింది.

పదకొండో సంచికి పిడి ఊడింది, పప్పు రోడ్డు మీద ఒలికింది. తీసుకెళ్లి చూపిస్తే గుడ్డను గోటితో గీకి, “గిది చీరా, గోనెనా? మంచి గుడ్డ తెస్తే గట్లెందుకైతది” అని నన్నే కసిరి, మళ్లీ కుట్టడానికి రెండు రూపాయలడిగింది. ఇయ్యనన్నాను. ఇయ్యాల్సిందే అంది. ఆ మాటల మధ్యలోనే లేచి స్టవ్ వెలిగించింది.

“చక్కెర తక్కువెయ్యి అక్కా, నాకు షుగరు” అన్నాను ఎట్టకేలకు.

“మరి ఇన్ని దినాలు చెప్పవేంది!” అంది, డబ్బా మూత పెట్టేస్తూ.